ప్రకటన వెల, పత్రిక పరువు

ఈ వార్షిక సంచికకు ప్రకటనలు సేకరించే భారం ఈ యేడు కూడా మా మీదనే పడినది. రసీదు పుస్తకం చేతబట్టి, ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకొని, బట్టల దుకాణం మొదలు మందుల దుకాణం దాకా బజారంతా తిరిగినాము. పుటకు ఇంత, అర పుటకు ఇంత అని మేము చెప్పబోతే ఎవరూ విననిచ్చినవారు కారు. "అవన్నీ ఎందుకు సార్, పోయినేడు ఎంత ఇచ్చినానో అంతే రాసుకోండి" అన్నారు. ఏమి అచ్చు వేయమంటారని అడిగితే "శుభాకాంక్షలతో అని వేసి, కింద దుకాణం పేరు వేయండి, చాలు" అన్నారు. అది ప్రకటన కాదు, విరాళము. ఆ సంగతి వారికీ తెలుసు, మాకూ తెలుసు. అందులో మోసమేమీ లేదు.

రేటు కార్డు చూపమని అడిగినవాడు ఒక్కడే కనిపించినాడు. అతడు మా కళాశాలలోనే బి.కాం. చదివి, బస్టాండు వెనుక వీధిలో దుకాణాలకు, మిల్లులకు లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్ముకొంటున్న పూర్వ విద్యార్థి. మా కార్డు చూసి చిరునవ్వు నవ్వి, సొరుగులో నుండి నగరంలో వెలువడే ఒక వ్యాపార పత్రికను తీసి మా ముందు పెట్టినాడు. అది సాఫ్ట్‌వేర్ డీలర్ల కోసమే నడిచే పత్రిక. దానితోబాటు ఒక ఉత్తరమున్నది. అతడిని జిల్లాలో ఉత్తమ డీలరుగా ఎంపిక చేసినారట. బహుమతి సభకు స్పాన్సర్‌షిప్ రుసుము కట్టి బల్లను ఖాయం చేసుకొమ్మని కోరినారు. "ఈ రేట్లు న్యాయమేనా సార్? కామర్సు సార్లను అడిగితే గుణించి చెబుతారు, మీరైతే చదివి చెబుతారని అడుగుతున్నాను" అన్నాడు. తెలుగు పాఠం చెప్పుకొనే మాకు ఇంత గౌరవం అరుదుగా దక్కుతుంది. అందుచేత ఆ విషయాన్ని కొన్ని వారాలపాటు శ్రద్ధగానే చదివినాము. మా విద్యార్థులలో పలువురు రేపు ఈ వ్యాపారంలోనికే పోయేవారు గనుక, మాకు తోచినది ఇక్కడ వ్రాస్తున్నాము.

సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థ ప్రతి ఊరిలోనూ దుకాణం తెరువజాలదు. 1986లో మొదలై బెంగుళూరు కేంద్రంగా నడుస్తున్న టాలీ సంస్థనే చూడండి. మన ఊరి కిరాణా వ్యాపారికీ ఆ సంస్థకూ మధ్య డీలరు ఉన్నాడు. అతడే దానిని అమ్మవలె, యంత్రంలో అమర్చవలె, గుమాస్తాకు నేర్పవలె, మార్చి నెలాఖరున రాత్రి పదింటికి ఫోను వచ్చినా విసుగుకొనక పలుకవలె. 2017 జూలై 1న జి.ఎస్.టి. అమలులోనికి వచ్చిన పిదప ఈ డీలరు అవసరం మరింత పెరిగినది. బియ్యం మిల్లు యజమాని ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో తానుగా పరీక్షించి కొనడు. డీలరు చెప్పినదే కొంటాడు. కాబట్టి ఒక్క డీలరును ఒప్పించగలిగితే అతని వెనుకనున్న యాభై దుకాణాలను ఒప్పించినట్లే. డీలర్ల కోసం ప్రత్యేకంగా పత్రికలు పుట్టడానికి కారణం ఇదే.

అమెరికాలో సి.ఎం.పి. అనే ప్రచురణ సంస్థ 1982లో 'కంప్యూటర్ రీసెల్లర్ న్యూస్' ప్రారంభించినది. అదే యేడు మన దేశంలో 'డేటాక్వెస్ట్' మొదలైనది. దానిని నడిపే సైబర్‌మీడియావారే తరువాత డీలర్ల కోసం 'డీక్యూ చానెల్స్' తెచ్చినారు. ఈ కోవ పత్రికలలో ఒక విశేషమున్నది. చాలావాటికి పాఠకుడు చందా కట్టనక్కర లేదు. తాను చేసే వ్యాపారమేమిటో, ఏయే సంస్థల సరకు అమ్ముతాడో, ఎందరు పనివారున్నారో ఒక కాగితంలో నింపి పంపితే పత్రిక ఇంటికి వస్తుంది. ఆ కాగితమే చందా. ఎందుకంటే దానిని చూపించియే పత్రికవారు ప్రకటనకర్త దగ్గర పుటకు వెల అడుగుతారు. ఇట్లా ఉచితంగా పంచే వ్యాపార పత్రికలను విరివిగా ప్రచురించిన సి.ఎం.పి.ని 1999లో బ్రిటనుకు చెందిన యునైటెడ్ న్యూస్ అండ్ మీడియా 92 కోట్ల డాలర్లకు కొన్నది. పాఠకుడు పైసా ఇవ్వని పత్రికలకు అంత ధర!

ఆ ధర ఎట్లా వచ్చినది? దినపత్రికలవారు పుట వెలను తలలు లెక్కబెట్టి కడతారు. వేయిమంది పాఠకులకు ఇంత అన్నది వారి కొలత. డీలర్ల పత్రికను ఆ తక్కెడలో వేస్తే తేలిపోతుంది. ఒక చిన్న లెక్క ఊహించి చూతాము. దినపత్రిక లక్షమందికి చేరుతుంది. ప్రకటనకు 50,000 రూపాయలు. తలకు అర్ధరూపాయి పడినది. డీలర్ల పత్రిక నాలుగు వేలమందికే చేరుతుంది. పుటకు 20,000 రూపాయలు. తలకు 5 రూపాయలు, అంటే పదింతలు. ఇంతవరకు చూస్తే డీలర్ల పత్రిక దోపిడీ చేస్తున్నట్లే కనిపిస్తుంది. కాని ఆ లక్షమందిలో సాఫ్ట్‌వేర్ అమ్మేవారు ఇరవైమందే ఉంటే, పనికివచ్చే పాఠకుడు ఒక్కొక్కరికి దినపత్రికలో 2,500 రూపాయలు ఖర్చయినట్లు. చేపకు చెరువంతా కొనడమా, గాలమొకటి కొనడమా అన్నదే ఇక్కడి ప్రశ్న.

వెల కట్టేవారికి రెండు హద్దులున్నవి. కాగితం, అచ్చు, తపాలా, వ్రాసేవారి జీతాలు కలిసి సంచికకు 4 లక్షలు అయి, ప్రకటనలకు 25 పుటలు మాత్రమే కేటాయిస్తే, పుట 16,000కు దిగువ అమ్మితే పత్రిక మూతబడుతుంది. అది క్రింది హద్దు. ఇక ప్రకటనకర్త వైపు నుండి చూస్తే, ఆ పుట చూసి కొత్తగా ఇద్దరు డీలర్లు చేరి, ఒక్కొక్కరు ఏడాదికి పదేసి ప్రతులు అమ్మి, ప్రతికి సంస్థకు 8,000 మిగిలితే, ఆ పుట అతనికి 1,60,000 తెచ్చిపెట్టినది. అది పై హద్దు. మరి కార్డు మీద వెల 20,000 దగ్గరనే ఎందుకు ఆగినది? ఆ ఇద్దరు డీలర్లు ప్రకటన చూసియే వచ్చినారని ఎవరూ రుజువు చేయలేరు గనుక. ఆ సందేహానికి ఇచ్చే తగ్గింపే ఆ తేడా.

ఈ సందేహాన్ని తగ్గించడానికి పత్రికలవారు చాలా పాట్లు పడినారు. పూర్వం ఇటువంటి పత్రికలలో ఒక తపాలా కార్డు కుట్టి ఉండేది. దాని నిండా అంకెలు. ఏ ప్రకటన నచ్చితే దాని అంకె చుట్టూ సున్న చుట్టి కార్డు డబ్బాలో వేస్తే, వివరాలు ఇంటికి వచ్చేవి. ఎన్ని సున్నలు చుట్టినారో లెక్కబెట్టి ప్రకటనకర్తకు చూపేవారు. నేడు ఆ పని కంప్యూటరే చేస్తుంది. ఎవరు ఏ ప్రకటన మీద వేలు పెట్టినారో, ఎవరు ఏ ఉపన్యాసానికి పేరు నమోదు చేసుకొన్నారో, పేరుతో ఫోను నంబరుతో సహా జాబితా తయారవుతుంది. దానితో అమ్మకపు సరకే మారిపోయినది. పూర్వం పుట అమ్మేవారు. ఇప్పుడు పాఠకుడి పేరు అమ్ముతున్నారు. పేరుకు ఇంత అని వెల. మా పూర్వ విద్యార్థికి రోజుకు ఎన్నో ఫోన్లు ఎందుకు వస్తున్నవో అతనికి అప్పుడు అర్థమైనది.

తలల లెక్క నిజమేనా అన్నది మరొక చిక్కు. పత్రిక చెప్పిన సంఖ్యను నమ్మి డబ్బు కట్టడం పాత రోగమే. అందుకే అమెరికాలో 1914లోను, మన దేశంలో 1948లోను ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ అనే సంస్థలు ఏర్పడినవి. ఉచితంగా పంచే పత్రికల లెక్క తేల్చడానికి అమెరికాలో 1931లో వేరుగా మరొక సంస్థ పుట్టినది. దానికే తరువాత బి.పి.ఎ. అనే పేరు వచ్చినది. డీలర్ల పత్రికకు ఈ తనిఖీ మరింత ముఖ్యము. ఎన్ని ప్రతులు అచ్చయినవన్నది ఒక్కటే చాలదు. పుచ్చుకొన్నవాడు నిజంగా డీలరేనా, దుకాణం మూసి పదేళ్లయినా పేరు జాబితాలో ఉండిపోయినదా అన్నది చూడవలె. తనిఖీ పత్రం చూపలేని పత్రిక ఎంత వెల అడిగినా అది వెల కాదు, కోరిక.

ఇక అట్టల సంగతి. ఏ రేటు కార్డు చూసినా వెనుక అట్టకే హెచ్చు ధర. దాని తరువాత ముందు అట్ట లోపలి వైపు, ఆ తరువాత వెనుక అట్ట లోపలి వైపు. పత్రిక బల్ల మీద బోర్లా పడినా కనిపించేది వెనుక అట్టయే గదా. మా కళాశాల సంచికకు ఆ భాగ్యం లేదు. ఎడమ నుండి తెరిస్తే తెలుగు, కుడి నుండి తెరిస్తే ఉర్దూ. మాకు వెనుక అట్ట అయినది ఉర్దూ శాఖవారికి ముందు అట్ట. రెండు ముఖాలు గల ఈ సంచికకు వీపు లేదు, అమ్ముకోవడానికి! ఈ మాట అన్నది మా ఉర్దూ అధ్యాపకులు. ప్రకటనలు తక్కువైన యేడు కమిటీవారు ఈ విషయం ఆయన ముందు ఎత్తకుండా ఉంటే మంచిది.

డీలర్ల పత్రికల వెలలను కుదిపివేసినది మరొకటున్నది. అది ప్రకటనకర్తలే ఒకరినొకరు మింగివేయడం. అమెరికా లెక్కల సాఫ్ట్‌వేర్ బజారునే చూడండి. గ్రేట్ ప్లెయిన్స్, సాలమన్ అనేవి వేరువేరు సంస్థలు. 2000లో సాలమన్‌ను గ్రేట్ ప్లెయిన్స్ కొన్నది. మరుసటి యేడు గ్రేట్ ప్లెయిన్స్‌ను మైక్రోసాఫ్ట్ కొన్నది. డెన్మార్కులో నావిజన్, డామ్‌గార్డ్ అనే రెండు సంస్థలు ఏకమైనవి. 2002లో వాటినీ మైక్రోసాఫ్టే కొన్నది. ఇంకొకవైపు బ్రిటనుకు చెందిన సేజ్ సంస్థ 1998లో స్టేట్ ఆఫ్ ది ఆర్ట్‌ను, 1999లో పీచ్‌ట్రీని, 2000లో బెస్ట్ సాఫ్ట్‌వేర్‌ను, 2004లో ఆక్‌ప్యాక్‌ను వరుసగా తనలో కలుపుకొన్నది. ఒకరి మీద ఒకరు పోటీపడి పుటలు కొన్నవారు ఒకే ఇంటివారయినారు. పోటీ ఉన్నంత కాలం ఎదుటివాడు పుట కొంటే తానూ కొనవలసి వచ్చేది. అందరూ ఒక్కరైన పిదప ఎవరిని చూసి కొనాలి?

మిగిలిన ఒకరిద్దరు పెద్దవారి మీదనే పత్రిక ఆధారపడినప్పుడు బేరం తిరగబడుతుంది. పత్రికవారు వెల చెప్పడం పోయి, ప్రకటనకర్త చెప్పినది వినవలసి వస్తుంది. పెద్ద సంస్థకు కార్డులో సగం ధర. ఆ సాఫ్ట్‌వేర్‌కు తోడుగా చిన్నచిన్న పనిముట్లు తయారుచేసే బడుగు సంస్థకు పూర్తి ధర. ఒకే పుటకు రెండు తూకపురాళ్లు. సంవత్సరానికి ఆరు సంచికలు కొంటే ఇంత తగ్గింపు, పన్నెండు కొంటే ఇంత అని కార్డు మీద అచ్చువేసి అందరికీ ఇస్తే అది వ్యాపారమర్యాద. చాటున చెవిలో చెప్పే తగ్గింపు అటువంటిది కాదు. ఆ చెవిలోనే పత్రికవాడు తరువాత వేరే మాటలు కూడా వినవలసి వస్తుంది.

స్పాన్సర్‌షిప్ పుట్టుక ఇక్కడనే. పుటలు అమ్ముడుపోనప్పుడు సభలు, బహుమతులు, విందులు, ఉపన్యాసాలు అమ్మకానికి వస్తవి. వీటికి తలల లెక్క లేదు, తనిఖీ లేదు, కొలబద్ద లేదు. కట్టేవాడు ఏ పాఠకుడి కోసం కడుతున్నాడో చెప్పలేడు. మరి ఎందుకు కడుతున్నాడు? తన పేరు అక్కడ కనబడకపోతే బజారులో ఏమనుకొంటారోనని. చదివింపుల పట్టికలో పేరు లేకపోతే బంధువులేమనుకొంటారోనని పెండ్లికి పోయినవాడి అవస్థ వంటిదే ఇది. స్పాన్సర్‌షిప్ వెలలో సగం ఈ భయానిదే అని మా నమ్మకము. అది తప్పనడం లేదు. సభకు హాలు కావలె, భోజనం కావలె. ఎవరో ఒకరు భరించవలె. భరించినవారి పేరు ద్వారం దగ్గర వ్రాసిపెట్టడంలో దాపరికమేమున్నది? అది మా సంచికలోని శుభాకాంక్షల ప్రకటన వంటిదే.

తప్పు మొదలయ్యేది జాబితాల దగ్గర. అమెరికాలో 'అకౌంటింగ్ టుడే' పత్రిక వి.ఎ.ఆర్. 100 అనే పేరుతో పెద్ద డీలర్ల జాబితా ప్రకటిస్తూ వచ్చినది. దానికి కొలత వారి ఆదాయము. ఆదాయమే ప్రతిభ కాదని వాదించవచ్చు; కాని కొలత ఏమిటో అందరికీ తెలుసు, ఎవరైనా ప్రశ్నించవచ్చు. మా పూర్వ విద్యార్థికి వచ్చిన ఉత్తరంలో కొలత మాటే లేదు. ఎంపిక చేసినవారెవరో లేదు. రుసుము ఎంతో మాత్రం బొద్దు అక్షరాలలో ఉన్నది.

ఈ చిక్కు కొత్తది కాదు. 1869లో జార్జి రోవెల్ అనే అమెరికా ప్రకటనల వ్యాపారి అక్కడి పత్రికలన్నిటి పేర్లు, వాటి ప్రతుల అంచనాలు ఒక గ్రంథంగా అచ్చువేసినాడు. అంతవరకు ప్రతి పత్రికా తనకు తోచిన సంఖ్య చెప్పుకొనేది. అతని పుస్తకంతో ప్రకటనకర్తకు మొదటిసారి ఒక దారి దొరికినది. మేలైన పనియే. కాని అదే పుస్తకంలో పత్రికలవారి ప్రకటనలను కూడా అతడు డబ్బుకు వేసేవాడు. కొలిచేవాడే కొలవబడేవాడి దగ్గర డబ్బు పుచ్చుకొంటే, అతడు నిజాయితీగా కొలిచినా లోకం నమ్మడం కష్టము.

మన దేశపు చట్టానికి కూడా ఈ భేదం తెలుసు. అచ్చు పత్రికలలో ప్రకటన స్థలం అమ్మితే జి.ఎస్.టి. 5 శాతమే, తెర మీది ప్రకటనకు 18 శాతం. అంతకు ముందు సేవాపన్ను కాలంలో, 2014 నుండి, అచ్చు ప్రకటనలకు మినహాయింపు ఉంచుతూనే, వ్యాపారం కోసమే అచ్చయ్యే డైరెక్టరీలను, సరకుల పట్టికలను ఆ మినహాయింపు నుండి వేరుచేసినారు. చదవడానికి ఉన్నది వేరు, అమ్మడానికి ఉన్నది వేరు అని పన్నుల శాఖ సైతం గుర్తించినప్పుడు సంపాదకుడు గుర్తించకపోతే ఎట్లా? ప్రకటనను వార్తగా భ్రమింపజేయరాదని ప్రెస్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నవి. 2009 ఎన్నికలలో డబ్బు పుచ్చుకొని వార్తలు వేసిన తీరును అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని పాత్రికేయుల సంఘమే బయటపెట్టినది. మరుసటి యేడు ప్రెస్ కౌన్సిల్ నివేదిక వచ్చినది. ఎన్నికలలో ఓటరు మోసపోయినట్లే ఇక్కడ మిల్లు గుమాస్తా మోసపోతాడు. అతనికి ఆ సంగతి తెలిసేది కూడా రిటర్ను దాఖలు చేసే చివరి రోజున, లెక్క కుదరనప్పుడు.

మా అభిప్రాయం ఇది. ప్రకటనకర్త తాను కొన్న పుటకు డబ్బు ఇస్తున్నాననుకొంటాడు. నిజానికి తాను కొనలేని పుటలకు ఇస్తున్నాడు. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ లోపమున్నదో, ఏ సంస్థ డీలరు కమీషను ఎట్లా కోసివేసినదో నిర్భయంగా వ్రాసే పుటలుంటేనే డీలరు ఆ పత్రికను తెరుస్తాడు. తెరిస్తేనే ఎదుటి పుటలోని ప్రకటన కంటబడుతుంది. వ్రాత పుటలను కూడా అమ్మకానికి పెట్టిన నాడు పత్రిక తన రేటు కార్డును తానే చించుకొన్నట్లు. ఆ సంచికకు లాభం కనిపించవచ్చు. పై సంచికకు చదివేవాడుండడు. కాబట్టి వెల ఎంతైనా పెట్టుకోవచ్చు గాని, ఒకే కార్డు అందరికీ చూపవలె. పాఠకుల లెక్క తనిఖీ చేయించి చూపవలె. స్పాన్సరు పేరు ద్వారం దగ్గర ఉండవచ్చు గాని తీర్పరి కుర్చీలో ఉండరాదు.

ఇదంతా మా పూర్వ విద్యార్థికి చెప్పి, ఆ రుసుము కట్టవద్దన్నాము. అతడు కొంచెంసేపు తల వంచుకొని, "పోయినేడే ఒకసారి కట్టినాను సార్" అని గోడ వైపు చూపినాడు. పటం కట్టించిన యోగ్యతాపత్రం అక్కడ వేలాడుతున్నది. "దానిని చూసి ఇద్దరు మిల్లువాళ్లు మారు మాట్లాడకుండా కొన్నారు. ఎదురు దుకాణం వాడి గోడకు కూడా ఒకటి ఉన్నది. నేను తీసివేస్తే నష్టం నాకే గదా?" అన్నాడు. మా దగ్గర వెంటనే జవాబు లేకపోయినది. ఇప్పటికీ సంతృప్తికరమైన జవాబు ఉన్నదని చెప్పలేము. ఇద్దరూ పటాలు దించితే ఇద్దరికీ రుసుము మిగులుతుందని మాత్రం అన్నాము. "మొదట ఎవరు దించాలి సార్?" అన్నాడు.

అయితే అతడు మరొక మాట కూడా అడిగినాడు. దానికి జవాబు మా చేతిలోనే ఉన్నది. మా సంచికలో రెండు పుటలు కొంటానని, కార్డు ధరకు ఇంకొంత కలిపి ఇస్తానని, తాను అమ్మే సాఫ్ట్‌వేర్ విద్యార్థులకు ఎంత మేలో చెప్పే వ్యాసమొకటి కామర్సు శాఖవారి పేరుతో వేయమని కోరినాడు. కమిటీలో భిన్నాభిప్రాయాలు వచ్చినవి. అచ్చు ఖర్చు పెరిగినదని, మనవాడేనని, అబద్ధమేమీ వ్రాయడం లేదు గదా అని కొందరు పెద్దలన్నారు. వారి ఆదుర్దా మాకు తెలుసు. బాకీపడిన ముద్రణాలయం వారు మొదట తలుపు తట్టేది మా ఇంటినే. అయినను మేము ఒప్పుకొనలేదు. బి.కాం. చివరి యేడు పిల్లలు ఆ వ్యాసాన్ని తమ అధ్యాపకుల మాటగా చదువుతారు, మొదటి జీతం దొరికే చోట అదే మాట చెబుతారు. ఆ మాటకు మా కార్డులో వెల లేదు.

ఈ సంచిక చివర మా రేటు కార్డును యథాతథంగా అచ్చువేయమని కోరినాము. ప్రిన్సిపాల్ గారు అంగీకరించినారు. విరాళాలు ఇచ్చినవారి పేర్లు విరాళాల శీర్షిక క్రింద, ప్రకటనలు ఇచ్చినవారివి ప్రకటనల శీర్షిక క్రింద వేరువేరుగా ఉన్నవి. మా పూర్వ విద్యార్థి రెండు పుటలు తగ్గించుకొని అర పుట తీసుకొన్నాడు, కార్డు ధరకే. దానిని తెలుగు వైపు వేయాలా, ఉర్దూ వైపు వేయాలా అని అడిగితే, "మిల్లువాళ్లు ఎటు నుండి తెరుస్తారో అటు వేయండి సార్" అన్నాడు.